కుక్కల చర్మముపై పుండ్లు: కారణములు, చికిత్స

జనమేజయుని యజ్ఞవాటికకు వచ్చిన ఒక కుక్కపిల్లను ఆతని తమ్ములు నిష్కారణముగ కొట్టిరి. దాని తల్లి సరమ రాజు నెదుటికి వచ్చి, ఏ తప్పును చేయని తన బిడ్డను దండించుట తగునా యని నిలదీసెను. నన్నయభట్టారకుని ఆంధ్రమహాభారతమున ఆదిపర్వము చదివినవారికి ఈ కథ తెలిసినదే. నేడు మన ఇండ్ల ముంగిటను, వీధి మలుపులయందును అట్టి దండనమే వేరొక రూపమున జరుగుచున్నది. వెండ్రుకలు రాలి, ఒడలంతయు పుండ్లు పడి, నిలిచిన చోట నిలువక గోకికొను కుక్కను చూడగనే "గజ్జికుక్క" యని అదలించి తరుముదురు. నిన్నటివరకు పిల్లలతో ఆడుకొనిన పెంపుడు కుక్కయైనను, పుండు కనబడిన మరునాడు గేటు వెలుపలికి పోవును. కొందరు దానిని దూరముగ తీసికొనిపోయి విడిచివత్తురు. దానికి వచ్చిన వ్యాధి యేది అని అడుగువారు తక్కువ. అడిగినచో చాలవరకు సమాధానము కలదు, చికిత్సయు కలదు.

మొట్టమొదట గ్రహింపవలసిన సంగతి యొకటి. పుండు అనునది వ్యాధి పేరు కాదు, అది ఒక లక్షణము. జ్వరము వచ్చినదని చెప్పినంతమాత్రమున ఏ జ్వరమో తెలియనట్లే, పుండు పడినదని చెప్పినంతమాత్రమున కారణము తెలియదు. ఒకే విధముగ కనబడు పుండు ఒక కుక్కకు పురుగుకాటు వలనను, మరియొక కుక్కకు తామర వలనను, ఇంకొక దానికి ఒంటికి పడని ఆహారము వలనను కలుగవచ్చును. అందుచేత పొరుగింటివారి కుక్కకు నయము చేసిన మందు మన కుక్కకు పనికివచ్చునని తలచుట పొరపాటు.

చర్మము తీరు

కుక్క చర్మము దట్టమైన వెండ్రుకలతో కప్పబడియుండుటచే అది మన చర్మముకంటె గట్టిదని చాలమంది అనుకొందురు. నిజము దీనికి విపరీతము. చర్మపు పై పొర మనకంటె కుక్కలకు పలుచన. మనుష్యుని చర్మము కొంచెము ఆమ్లగుణము కలిగియుండగా, కుక్క చర్మము తటస్థ స్థితికి దగ్గరగ నుండును. మనము వాడు సబ్బులు, షాంపూలు దానికి సరిపడకపోవుటకు ఇది యొక కారణము. పై పొర పూర్తిగ క్రొత్తదగుటకు సుమారు 3 వారములు పట్టును. కాబట్టి ఏ చర్మవ్యాధికిని రెండుదినములలో ఫలితము నాశించుట న్యాయము కాదు.

ఆరోగ్యముగనున్న చర్మముపై గూడ సూక్ష్మజీవులు నివసించును. చర్మము చెక్కుచెదరనంతవరకు వానివలన హాని లేదు. గోళ్లతో గీరికొనుటచేతనో, పండ్లతో కొరికికొనుటచేతనో ఆ పొర చిరిగినపుడు అవి లోనికి చొరబడి చీము పుట్టించును. ఇది గోరుచుట్టుపై రోకటిపోటు వంటిది. మనకు కనబడునది చాలసార్లు ఈ రెండవ దెబ్బయే. మొదటిది దాని వెనుక దాగియుండును. చీమునకు మాత్రమే మందువేసి మూలకారణమును విడిచిపెట్టినచో పుండు మాని మరల వచ్చుచునే యుండును.

ఇంటివారు వేసికొనవలసిన ప్రశ్నలు

పశువైద్యుని యొద్దకు పోవుటకు ముందు ఇంటివారు నాలుగు ప్రశ్నలకు సమాధానములు సిద్ధము చేసికొనిన ఎంతో ప్రయోజనము కలుగును. దురద ముందు వచ్చినదా, పుండు ముందు వచ్చినదా? పుండ్లు ఒడలిలో ఏ భాగమున ఆరంభమైనవి? కుక్క వయస్సెంత, ఇట్టి బాధ మునుపెన్నడైన, ముఖ్యముగ ఏటేట ఒకే ఋతువున, వచ్చుచున్నదా? ఇంటిలో మనుష్యులకుగాని, ఇతర జంతువులకుగాని దురద కలిగినదా? కుక్క నోరులేని జీవి. దానిపక్షమున ఈ సంగతులు చెప్పవలసినవారు మనమే.

రక్తము పీల్చు జీవులు

కుక్కల దురదకు మిక్కిలి సామాన్యమైన కారణములలో మొదటిది ఫ్లీ యను పురుగు. ఇది ముదురు గోధుమవర్ణము కలిగి, ప్రక్కలనుండి అదిమినట్లు పలుచగనుండి, వెండ్రుకల నడుమ పరుగెత్తుచు గెంతుచుండును. దీని కాటుకంటె దీని లాలాజలము ఎక్కువ హాని చేయును. కొన్ని కుక్కల ఒంటికి ఆ లాలాజలము పడదు. అట్టివానికి కొలదిపాటి కాట్లు చాలును, దినములతరబడి దురద పుట్టును. నడుము క్రిందిభాగమున, తోక మొదట, తొడల వెనుక వెండ్రుకలు రాలి పుండ్లు పడినయెడల ముందుగ దీనిని శంకింపవలెను. పురుగు కంటికి చిక్కకపోవచ్చును. అట్టిచో సన్నపు దువ్వెనతో దువ్వి, రాలిన నల్లని నలుసులను తడిపిన తెల్లని గుడ్డపై వేయవలెను. అవి ఎఱ్ఱగ కరిగినచో అది జీర్ణమైన రక్తము, అనగా పురుగు విసర్జించిన మలము.

ఈ పురుగు గ్రుడ్లు కుక్క ఒంటినుండి జారి, పరుపుమీదను నేల బీటలలోను పడును. అచ్చటనే పిల్లపురుగులగును, గూళ్లు కట్టికొనును. ఆ గూటిలో అవి నెలలతరబడి వేచియుండగలవు. కనుక కుక్కకు మందు వేసి, అది పండుకొను గోనెను, చాపను, గదిమూలలను విడిచిపెట్టినచో సగముపనియైనను జరిగినట్లు కాదు. పరుపుగుడ్డలను వారమునకొకసారి వేడినీట ఉతికి ఎండవేయవలెను. ఇంటిలో పిల్లియున్నచో దానికిని చికిత్స అవసరము. అయితే ఒక హెచ్చరిక: కుక్కలకు వాడు పెర్మెత్రిన్ మందు పిల్లులకు విషము. కుక్కమందును పిల్లికి పూయరాదు.

రెండవది పిడుదు. కొన్నిచోట్ల గోమారి యందురు. చెవులలోపల, వ్రేళ్ల సందులలో, మెడ క్రింద ఇవి అంటుకొని రక్తము పీల్చును. మన ప్రాంతమున కుక్కలను పట్టు గోధుమవన్నె పిడుదు గోడ బీటలలో దాగి అచ్చటనే వేల గ్రుడ్లు పెట్టగలదు. కాటుచోట చిన్న గడ్డయో పుండో మిగులును. అంతకంటె భయపడవలసినది అది రక్తములోనికి చేర్చు వ్యాధి. పిడుదులు పట్టిన కుక్క జ్వరముతో తిండి మానినను, చిగుళ్లు పాలిపోయినను, ముక్కునుండి రక్తము కారినను, పొట్టపై ఎఱ్ఱని చుక్కలు పొడమినను ఆలస్యము చేయరాదు. ఎర్లీకియా యను సూక్ష్మజీవి వలన వచ్చు ఈ జ్వరమునకు సామాన్యముగ 4 వారములు ఇచ్చు మందు డాక్సీసైక్లిన్. ఇది టెట్రాసైక్లిన్ జాతికి చెందినది. ఆ జాతిలో మొట్టమొదటిదగు ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునుండి వెలువడెను. అప్పుడచ్చట పరిశోధనలకు నాయకత్వము వహించినవారు భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మన ఇంటి కుక్కప్రాణము నిలుపు మందు వెనుక ఒక తెలుగువాని కృషి కలదని తెలిసికొనుట సంతోషకరము.

పిడుదును చేతితో నలుపరాదు, అగ్గిపుల్లతో కాల్పరాదు. చిమటాతో చర్మమునకు ఆనించి పట్టుకొని, మెలిపెట్టక నిదానముగ తిన్నగ లాగవలెను. పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

రెండు విధముల గజ్జి

మనము గజ్జి యని ఒకే పేరున పిలుచు వ్యాధులు నిజమునకు రెండు. రెండింటికిని కంటికి కనబడని సూక్ష్మకీటకములే కారణము. కాని వాని స్వభావములు పూర్తిగ వేరు.

మొదటిది సార్కోప్టిస్ యను కీటకము వలన కలుగునది. మనుష్యుల గజ్జికి ఇట్టి కీటకమే కారణమని 1687లో ఇటలీదేశీయులగు బొనోమో, చెస్టోనీ యనువారు సూక్ష్మదర్శినితో చూచి ప్రకటించిరి. ఆడుకీటకము చర్మములో సొరంగము త్రవ్వి గ్రుడ్లు పెట్టును. చెవుల అంచులు, మోచేతులు, మడమలు, పొట్ట మొదట చెడును. దురద భరింపరానిదగును, కుక్కకు రాత్రియు నిద్రయుండదు. చెవి అంచును వ్రేళ్ల నడుమ మెల్లగ రుద్దినపుడు వెనుకకాలు తనంతట గోకుటకు లేచినచో ఈ గజ్జిని బలముగ శంకింపవచ్చును. ఇది అంటువ్యాధి. కుక్కనెత్తుకొనిన పిల్లల చేతులమీద, పొట్టమీద ఎఱ్ఱని దద్దురులు లేచును. అయితే కుక్క కీటకము మనుష్యుని చర్మముపై సంతానమును నిలుపుకొనజాలదు. కుక్కకు చికిత్స చేసినపిమ్మట సామాన్యముగ ఆ దద్దురులు తగ్గిపోవును. దురద నిలిచియున్నచో వైద్యునకు చూపవలెను.

రెండవది డెమోడెక్స్ యను కీటకము వలన కలుగునది. ఇది వెండ్రుక మొదటి గుంటలో నివసించును. పుట్టిన మొదటి దినములలో పాలు త్రాగునపుడే తల్లినుండి పిల్లకు చేరును. ఆరోగ్యముగ నున్న కుక్కలందును కొలదిగ నుండును. శరీరపు రక్షణశక్తి తగ్గినపుడు మాత్రమే అవి లెక్కకు మించి పెరుగును. కండ్లచుట్టు, మూతిపైన, ముందుకాళ్లపై వెండ్రుకలు రాలిన మచ్చలు కనబడును. చీము పట్టనంతవరకు దురద యంతగ నుండదు. ఇది ఇతర కుక్కలకుగాని, మనుష్యులకుగాని అంటదు. చిన్నపిల్లలకు రెండు మూడు మచ్చలు మాత్రమే వచ్చినచో చాలవరకు తమంతటనే మానును. పెద్దకుక్కకు ఒడలంతయు వ్యాపించినపుడు లోపల మరియొక వ్యాధి యేమైన కలదా యని వెదుకవలెను.

అంటువ్యాధి కాని ఈ రెండవ గజ్జి వచ్చిన కుక్కను గూడ, మొదటిది వచ్చినదనుకొని వెడలగొట్టుట ఎంత అన్యాయమో ఊహింపుడు. రెండింటిని వేరుచేయు పరీక్ష సులభమైనది. పశువైద్యుడు మొండిపదునుగల బ్లేడుతో చర్మమును కొంచెము గీరి, ఆ పొడిని సూక్ష్మదర్శిని క్రింద చూచును. కొలది నిమిషముల పని.

చికిత్సయందు నేడు గొప్ప మార్పు వచ్చినది. ఐవర్మెక్టిన్ 1981 నుండి పశువైద్యమున వాడుకలోనికి వచ్చెను. దాని మూలద్రవ్యమును కనుగొనిన విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురాలకు 2015లో నోబెల్ బహుమానము లభించెను. అయినను ఈ మందు కోలీ మొదలగు కొన్ని జాతుల కుక్కలకు మెదడును దెబ్బతీయును. ఆ కుక్కలందు మందును మెదడునకు పోనీయక కాపాడు జన్యువున లోపము కలదని 2001లో తెలిసినది. పశువులకై అమ్ము ఐవర్మెక్టిన్ సూదిమందును ఉజ్జాయింపుగ కుక్కకు వేయించుట అందుచేతనే ప్రమాదకరము. ఇటీవల, అనగా 2013, 2014 నుండి వచ్చిన ఐసాక్సజోలిన్ జాతి మందులు బిళ్లలుగ దొరకుచున్నవి. ఫ్లీలను, పిడుదులను, రెండువిధముల గజ్జికీటకములను ఇవి అణచగలవు. వీనివలన కొన్ని కుక్కలకు మూర్ఛ రావచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించినది. మునుపు మూర్ఛ వచ్చిన కుక్కయైనచో ఆ సంగతి వైద్యునకు తప్పక చెప్పవలెను.

తామర

తామర పురుగువలన రాదు. అది శిలీంధ్రము, అనగా బూజుజాతికి చెందినది. గుండ్రని మచ్చగ వెండ్రుకలు విరిగి రాలి, పొలుసులు కట్టి, అంచు ఎఱ్ఱబడును. వైద్యులు ఒక ప్రత్యేకమైన నీలలోహిత దీపము క్రింద చూచినపుడు కొన్ని తామరలు పట్టిన వెండ్రుకలు ఆకుపచ్చగ మెరయును. మెరయనంతమాత్రమున తామర కాదనరాదు; అట్టిచో వెండ్రుకలను పెంచి పరీక్షింతురు. తామర కుక్కనుండి పిల్లలకు, పిల్లలనుండి కుక్కకు సంక్రమించును. రాలిన వెండ్రుకలలో దాని బీజములు ఏడాదికి పైగ బ్రతికియుండగలవు. ఇల్లు ఊడ్చి, తుడిచి, పరుపుగుడ్డలుతికి, పూతమందును లోనికిచ్చు మందును వైద్యుడు చెప్పినన్ని వారములు వాడవలెను. వెండ్రుకలు మొలచినవని నడుమ మానరాదు.

ఇచ్చటనే మరియొక సంగతి చెప్పవలెను. మందులషాపులో దొరకు పూతమందులలో కొన్నిటియందు స్టెరాయిడ్, శిలీంధ్రనాశకము, సూక్ష్మజీవినాశకము మూడును కలిసియుండును. మనుష్యులకే కీడు చేయు ఈ మిశ్రమములను కుక్కకు పూసినచో రెండుదినములు దురద తగ్గినట్లు కనబడి, లోలోపల తామరయు, డెమోడెక్స్ గజ్జియు మరింత పెరుగును. దాని కతన వ్యాధి రూపమే మారి, వైద్యునకు గుర్తించుట కష్టమగును.

చీముకురుపులు, తడిపుండ్లు

పొట్టపైన, తొడలోపల మొటిమలవంటి చీముకురుపులు, అవి పగిలినపిదప గుండ్రని పొలుసుల అంచులు కనబడినచో అది సూక్ష్మజీవుల పని. వానిలో ముఖ్యమైన దాని పేరు స్టెఫిలోకాకస్ సూడింటర్మీడియస్. దీనిని ప్రత్యేకజాతిగ 2005లో గుర్తించిరి. పై పొరకే పరిమితమైన కురుపులకు మొదట వాడవలసినది క్లోర్‌హెక్సిడీన్ కలిసిన షాంపూ యని నేటి వైద్యుల అభిప్రాయము. వారమునకు రెండు మూడుసార్లు దానితో స్నానము చేయించి, నురుగును గడియారము చూచి 10 నిమిషములు ఒంటిపై నుంచి, పిదప కడుగవలెను. వెంటనే కడిగినచో మందు పనిచేయదు.

చీము కనబడగనే యాంటీబయాటిక్ బిళ్లలు కొని మ్రింగించుట మన ఇండ్లలో అలవాటైనది. ఇది మంచిది కాదు. రెండుదినములు వేసి మానిన మందువలన బలహీనమైన సూక్ష్మజీవులు చచ్చి, మొండివి మిగులును. అట్టి మొండిజాతులు నేడు కుక్కలందు పెరుగుచున్నవి. వానిని లొంగదీయు మందులు తక్కువ. అవసరమైనపుడు చీమును పరీక్షచేయించి, ఏ మందునకు లొంగునో తెలిసికొని, పూర్తికాలము వాడవలెను.

తడిపుండు వేరొక తీరు. ఉదయము బాగుగనున్న కుక్కకు సాయంకాలమునకు చెక్కిలిమీదనో, నడుముమీదనో అరచేతియంత ఎఱ్ఱని, రసికారు పుండు ఏర్పడును. వానకాలమున, దట్టమైన వెండ్రుకలుగల జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్ వంటి కుక్కలందు ఇది ఎక్కువ. పురుగుకాటో, చెవిపోటో, స్నానానంతరము ఆరని తడియో దురద పుట్టించగా, కుక్క ఒకేచోట నాకి కొరికి కొలదిగంటలలో చర్మమును చీల్చివేయును. చుట్టునున్న వెండ్రుకలను కత్తిరించి గాలి తగులనిచ్చుట, కాచి చల్లార్చిన ఉప్పునీటితో కడిగి మెత్తని గుడ్డతో అద్దుట, నాకకుండ మెడచుట్టు గరాటువంటి పట్టీ కట్టుట మొదటి చికిత్స. లీటరు నీటికి సుమారు 9 గ్రాముల ఉప్పు, అనగా చదునుగ కొలిచిన రెండు చిన్నచెంచాలకు కొంచెము తక్కువ, సరిపోవును. జిడ్డుగల లేపనములు దట్టముగ పూసినచో తడి లోపలనే నిలిచిపోవును. నొప్పి మిక్కుటముగ నుండుటచే సాధువైన కుక్కయు కరువవచ్చును, జాగ్రత్త అవసరము.

ఒంటికి పడనివి

పురుగులు లేవు, గజ్జి లేదు, తామర లేదు. అయినను కుక్క పాదములు నాకుచు, మొగమును నేలకు రాచుచు, మాటిమాటికి చెవిపోటు తెచ్చుకొనుచున్నది. అట్టిచో అలర్జీని తలపోయవలెను. ధూళిలోని కీటకములు, గడ్డిపుప్పొడి, బూజు వంటివి కొన్ని కుక్కలకు పడవు. ఇది తరచుగ 6 నెలలకును 3 ఏండ్లకును నడుమ వయస్సున ఆరంభమగును. కొన్నిటికి ఆహారమే పడదు. దానిని కనుగొనుటకు రక్తపరీక్ష నమ్మదగినది కాదు. అంతకుముందెన్నడు తినని మాంసము, దానితో ఒక పిండిపదార్థము మాత్రమే వైద్యుని సలహాపై సుమారు 8 వారములు పెట్టి చూచుటయే సరియైన పరీక్ష. ఆ కాలమున బిస్కత్తు ముక్కయు, అన్నములో పెరుగు చుక్కయు కూడ వేయరాదు. ఇంటిలో తాతగారో, పసివాడో దయతలచి వేసిన ఒక్క ముక్క పరీక్షనంతటిని చెరుచును.

అలర్జీ చాలవరకు జీవితాంతము ఉండునది. దానిని నిర్మూలించు మందు లేదు. అదుపులో నుంచు మందులు మాత్రము కలవు. దురదను తగ్గించు ఓక్లాసిటినిబ్ వంటి క్రొత్త ఔషధములు 2013 నుండి వాడుకలో నున్నవి. చౌకయైన స్టెరాయిడ్ మందులును పనిచేయును. కాని దీర్ఘకాలము వాడినచో దప్పిక, ఆకలి పెరిగి, కండలు క్షీణించి, చర్మము పలుచబడి, క్రొత్తవ్యాధులకు తావిచ్చును.

పురుగులు పడిన గాయము

కొట్లాటలో తగిలిన చిన్నగాయమును గమనింపక విడిచినచో ఒక జాతి ఈగ గాయపు అంచున వంద, రెండువందల గ్రుడ్లు పెట్టును. ఒక దినములోపల అవి పొదిగి, పిల్లపురుగులు సజీవమైన కండరములోనికి తొలుచుకొని పోవును. దుర్గంధము, రంధ్రమువంటి పుండు, అందు కదలిక కనబడును. చెవిలోపలను, తోకక్రిందను, నాలుకకందని మెడవెనుకను ఇది అధికము. దీనికి టర్పెంటైన్ పోయుట పాతవాడుక. అది కండరమును కాల్చును, బాధ హెచ్చించును. మత్తిచ్చి పురుగులను ఒక్కొక్కటిగ తీసి, గాయము శుభ్రపరచి, మిగిలినవానిని చంపు మందిచ్చుట వైద్యుని పని. ఎంత లోతైన గాయమైనను చాలవరకు పూడుకొనుట మనము చూడవచ్చును. వీధికుక్కలలో ఎన్నియో ఈ విధముగ బ్రతుకుచున్నవి. ఎన్నియో ఒకరు గమనించనందున చచ్చుచున్నవి.

గరుకునేలపై పండుకొను బరువైన కుక్కల మోచేతులపై చర్మము మొద్దుబారి పగిలి పుండగును. దానికి మొదటి మందు మెత్తని పడక. జననాంగములయొద్ద కాలీఫ్లవర్ వంటి రక్తముకారు పెరుగుదల కనబడినచో అది కుక్కనుండి కుక్కకు సంపర్కమువలన వ్యాపించు ఒక కణితి. వారమునకొకటి చొప్పున వేయు విన్‌క్రిస్టిన్ సూదులకు చాలవరకు లొంగును. ముసలి కుక్కకు ఎంతకును మానని పుండు పడినచో కేన్సరేమో యని ముక్కతీసి పరీక్షింపవలెను.

చేయరాని ఇంటివైద్యములు

గజ్జికి వాడిన ఇంజను ఆయిలు పూయుట, కిరసనాయిలు పోయుట పెక్కుచోట్ల నేటికిని కలదు. ఇంజను ఆయిలులో సీసము మొదలగు లోహములు, విషపదార్థములు కలసియుండును. కుక్క తన ఒడలు తాను నాకును. పూసినదంతయు కడుపులోనికి పోవును. కిరసనాయిలు చర్మమును కాల్చును. ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణము తీయును. నేల కడుగు ఫినాయిలు, ఘాటైన క్రిమినాశకములు పుండుపై పోయరాదు. నొప్పి తగ్గునని ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ వంటి మన బిళ్లలు వేయరాదు. మొదటిది కడుపులో పుండ్లను, మూత్రపిండములకు హానిని కలిగించును, రెండవది కాలేయమును చెరచును. పసుపు, వేపాకు నీరు వంటివి అంతగ హాని చేయకపోవచ్చును. కాని వానిని నమ్ముకొని నెలలు గడుపుటయే హాని.

ఇంటివారి రక్షణ

పుండుపడిన కుక్కను తాకుటకు ముందు చేతులకు తొడుగులు వేసికొనవలెను; పిదప సబ్బుతో కడుగుకొనవలెను. పిల్లలను నయమగువరకు కొంచెము దూరముగ నుంచుట మేలు. అన్నిటికంటె ముఖ్యమైనది రేబిస్. పుండునకు కారణము మరియొక కుక్క కాటైనచో, ఆ కుక్క సంగతి తెలియనిచో, మన కుక్కకు టీకా యున్నను లేకున్నను వెంటనే పశువైద్యునకు చూపవలెను. బాధతోనున్న కుక్క మనలను కరచినను, గీరినను, మన గాయముపై నాకినను, ఆ చోటును ధారగ పారు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. సున్నము, కారము, పసరు పూసి కాలము గడుపరాదు. రేబిస్ లక్షణములు బయటపడినపిదప దానికి చికిత్స దాదాపు లేనట్లే. ముందుగ వేయించుకొనిన టీకా మాత్రము ప్రాణము నిలుపును.

ప్రభుత్వ పశువైద్యశాలలు మండలములందు పెక్కుచోట్ల కలవు. హైదరాబాదు రాజేంద్రనగరమునందును, తిరుపతియందును, గన్నవరమునందును పశువైద్య కళాశాలలు కలవు. కుక్కను తీసికొనిపోవునపుడు అంతకుముందు వాడిన మందుల పెట్టెలను, టీకా కార్డును వెంట నుంచుకొనవలెను. పూత పూసినచో ఆ సంగతి దాచక చెప్పవలెను.

వీధికుక్క విషయమున ఒక మాట. ఇంటివారు నలుగురును ఒకటైనచో వీధిలో ఒక గజ్జికుక్కకు చికిత్స చేయించుట పెద్ద ఖర్చు కాదు. వైద్యుడు తూకము చూచి చెప్పిన బిళ్లను అన్నములో కలిపి పెట్టవచ్చును. నెలకొకటి చొప్పున కొన్ని నెలలు చాలును. ఒక వీధిలో గజ్జి తగ్గినచో ఆ వీధి పిల్లలకును, పెంపుడు కుక్కలకును మేలు. తరిమివేసిన కుక్క వ్యాధిని ప్రక్కవీధికి మోసికొనిపోవును. నయము చేసిన కుక్క మోసికొనిపోవదు. దయ యను మాటను ప్రక్కనబెట్టి, లెక్కచూచుకొన్నను లాభమిటే కలదు.